మొగుడి గడిలో నా సంతకం

నా పెళ్లికి ముందే నాకొక భార్యా, ముగ్గురు పిల్లలూ ఉండేవారు. కంగారు పడకండి, ఒక్క పూట మాత్రమే. పొద్దున ములకలపల్లి బస్సులో మొదలైన ఆ కాపురం మధ్యాహ్నానికల్లా కొత్తగూడెంలో ఒక ఆపరేషన్ గది ముందు తెగిపోయింది. ఈలోగా నేను ఒక ఇల్లాలి ప్రాణానికీ, ఒక పెద్దమనిషి నమ్మకానికీ, ఇంకా పుట్టని నా సంతానానికీ ఒకేసారి ముప్పు తెచ్చాను. వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఒక్క సంతకంతో కుదరబోయే పెళ్లిని ఎలా ఊడగొట్టుకోవాలో మాత్రం వాళ్లు చెప్పలేదు. ఆ లోటు నేను పూడ్చాను.

ఎనభైల నాటి మాట. మాది మధిర దగ్గర పల్లె. ములకలపల్లి హైస్కూల్లో సోషల్ టీచరుగా ఉద్యోగం వచ్చింది. పౌరుల హక్కులు, బాధ్యతలు అనే పాఠం చెప్పేటప్పుడు నా గొంతు అడవి దాకా వినిపించేది. "చదవకుండా సంతకం పెట్టినవాడు కళ్లుండీ గుడ్డివాడు" అని బల్ల గుద్ది మరీ చెప్పేవాణ్ని. పాపం, ఆ బల్లకు ఒక కాలు కూడా నా వల్లే విరిగింది.

కానీ నాకొక రోగం ఉండేది. నా సంతకం అంటే నాకు మహా మోజు. కాలేజీ రోజుల్లో లెక్చరర్లు పాఠం చెబుతుంటే నేను నోట్సు వెనక పేజీల్లో సంతకం సాధన చేశాను. మొదట శంఖంలా ఒక చుట్టు, మధ్యలో పడగ విప్పిన పాములా ఒక లేపు, చివర కింద రెండు గీతలు, ఆ గీతల కింద రెండు చుక్కలు. ఖాళీ జాగా కనిపిస్తే చాలు, నా చెయ్యి దురద పెట్టేది. శేషగిరిరావు అనే నా పేరు అందులో ఎక్కడుందని ఒకసారి మా హెడ్మాస్టరు గారు అడిగితే, "భావంలో ఉంది సార్" అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

నేను అద్దెకుండేది లారీ డ్రైవరు కొమురయ్య గారింట్లో, వెనక గదిలో. ఆయన వెదురు లోడు వేసుకొని రాజమండ్రి వైపు వెళ్తే వారానికో మాటు ఇంటి ముఖం చూసేవాడు. ఇంట్లో ఆయన భార్య సరోజన, ముగ్గురు పిల్లలు, చెవులు సరిగా వినిపించని ముసలి తల్లి. సరోజనను నేను అక్కా అనేవాణ్ని. ఆవిడ నన్ను సారూ అనేది. నేను వండుకున్న పప్పు మాడితే వాసన పట్టుకొని గిన్నెడు కూర పంపేది. దాదాపు రోజూ పంపేదంటే నా వంట సంగతి మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఆ రోజుల్లోనే కొత్తగూడెంలో నాకొక సంబంధం వచ్చింది. పిల్ల పేరు విజయ. తండ్రి రాజలింగం గారు బొగ్గుగనిలో కార్మికుల చేత పని చేయించే ఓవర్‌మెన్. పెళ్లిచూపుల్లో నేను చాలా బుద్ధిమంతుడిలా కూర్చున్నాను. ఆయనకు నచ్చాను. "మంచిది సారూ, ఇంట్ల అనుకోని మతలబు చెప్పంపుతం" అన్నారు. ఆ కబురు కోసం నేను పోస్టుమేన్‌ను చూసినప్పుడల్లా చకోరపక్షిలా మెడ చాపుతున్న కాలం అది.

ఒక సెలవు రోజు పొద్దున్నే సరోజనక్క కడుపు పట్టుకొని వాకిట్లో కూలబడింది. రాత్రి నుంచే నొప్పి ఉందట, ఎవరికీ చెప్పలేదు. అత్తగారు వాము నమిలించింది, సోడా తాగించింది, దిష్టి తీసింది. నొప్పి మాత్రం కుడివైపు పొత్తికడుపులో పీట వేసుకొని కూర్చుంది. ఊళ్లోని ఆర్.ఎం.పి. గారు వచ్చి వేలితో నొక్కి చూసి, అక్క అరిచిన అరుపుకు తానే రెండడుగులు వెనక్కి దూకి, "ఇది ఇరవై నాలుగు గంటల నొప్పి. జల్దీ కొత్తగూడెం తోల్కపోండ్రి. ఆలస్యమైతే లోపల పలుగుతది" అన్నాడు.

ముసలావిడ నా చెయ్యి పట్టుకుంది. "కొడుకు లారీ మీద ఉన్నడు. నీకంటే దిక్కెవలున్నరు బిడ్డా? నువ్వే తోల్కపో."

తీసుకుపోయాను. అక్కడి వరకు నేను మంచివాణ్నే. దయచేసి గుర్తుంచుకోండి, ఇక మీదట ఆ మాట అనే అవకాశం రాదు.

బస్సులో అక్కను కిటికీ పక్కన కూర్చోబెట్టి నేను నిలబడ్డాను. పాల్వంచ దాకా గతుకు గతుకుకూ ఆవిడ పళ్లు బిగబట్టేది. వెనక సీట్లో ఒక పెద్దావిడ నా మీద విరుచుకుపడింది.

"ఏందయ్యా, మనిషి గిట్ల అయ్యేదాక ఏం చేస్తున్నవ్? పెండ్లాం అంటే గింత లెక్కలేదా?"

"అమ్మా, నేను ఆమె భర్తను కాదు..."

"అవ్, ఇప్పుడు గట్లనే అంటవ్. కష్టం వచ్చినప్పుడు మొగడు కాదు, పప్పుల ఉప్పు తక్కువైనప్పుడు మొగడు!"

బస్సంతా "నిజమే, నిజమే" అంది. కండక్టరు కూడా టికెట్లు కొట్టడం ఆపి, "మొగోళ్లంత గింతే పెద్దమ్మా" అన్నాడు, తానేదో వేరే జాతి అయినట్టు. నేను ఇంకో రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆవిడ మూయించింది. మూడోసారి నేనే, పోనీలే, దిగిపోయే బస్సులో పరువెందుకని ఊరుకున్నాను. కుడితిలో పడ్డ ఎలుక కూడా మొదట ఇలాగే అనుకొని ఉంటుంది, గోరువెచ్చగా బాగానే ఉందని.

కొత్తగూడెంలో ఏ దవాఖానకు వెళ్లామో చెప్పను. తప్పు వాళ్లది కాదు గనక వాళ్ల పేరు బజారున పడేయడం న్యాయం కాదు. డ్యూటీ డాక్టరు అక్కను చూడగానే, "అపెండిసైటిస్. సర్జన్ గారికి కబురు పెడుతున్నా. రాగానే ఆపరేషన్" అని వరండాలోనే స్ట్రెచర్ మీద పడుకోబెట్టించి, సెలైన్ పెట్టించాడు. వరండా నిండా జనం. బల్లల మీద, నేల మీద, కట్టు కట్టించుకునేవాళ్లు, సూది వేయించుకునేవాళ్లు. ఒక మూల ఎవరో పెద్దమనిషి కాలి బొటనవేలికి బారెడు కట్టుతో, ముఖానికి అడ్డంగా న్యూస్‌పేపరు పెట్టుకొని చదువుకుంటున్నాడు.

అప్పుడొచ్చింది రత్నమ్మ సిస్టరు. ఆ వార్డుకు పెద్ద నర్సు. ఆవిడ నడిచి వస్తుంటే మంచాల మీది రోగులు దుప్పట్లు సర్దుకునేవారు. చేతిలో కాగితాలున్న అట్ట.

"పేషెంటు తోటి ఎవరొచ్చిన్రు?"

"నేనండీ."

"ఏమైతవ్ నువ్వు?"

ఇక్కడే, ఇక్కడే నేను ఒక్క ముక్కలో "అద్దెకుంటానండీ" అని ఉంటే ఈ కథే లేదు. కానీ నేను సోషల్ టీచర్ని. ఏ ప్రశ్నకైనా నేపథ్యం నుంచి మొదలుపెట్టడం అలవాటు.

"ఏమంటే సిస్టర్, రెండేళ్ల కిందట నేను ములకలపల్లి వచ్చినప్పుడు, వీళ్లింట్లోనే..."

"వీళ్లింట్లనే ఉంటవా?"

"అవునండీ."

"ఇల్లరికమా?"

అదే సమయానికి పక్కనెవరికో ఇంజక్షన్ పడి కెవ్వుమన్నాడు. నాకు 'ఇల్లు' అన్న ముక్క ఒక్కటే వినిపించింది.

"అవునండీ, వెనక గది."

సిస్టరు ముఖంలో మొదటిసారి జాలి కనిపించింది. "అయ్యో, ఇల్లరికం అల్లునికి వెనక గదే ఇచ్చిన్రా! పిల్లలెంతమంది?"

"ముగ్గురండీ. చిన్నోడు మహా అల్లరి."

"సరె. ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు ఈడ పెట్టు సంతకం."

ఆవిడ వేలు పెట్టి చూపింది. వేలి పక్కన తెల్లగా, నున్నగా, విశాలంగా ఒక ఖాళీ గీత. ఏం చెప్పమంటారు? దాని మీద ఏం రాసి ఉందో, కింద ఏం రాసి ఉందో నా కళ్లకు కనపడలేదు. శంఖం చుట్టాను, పడగ లేపాను, రెండు గీతలు, రెండు చుక్కలు. అడుసు తొక్కితే కాలు కడుక్కోవచ్చు. నేను అడుసు తొక్కింది కలంతో. ఆ గీత కింద అచ్చులో ఉన్న మాట 'రోగి భర్త'.

"మంచిగున్నది సంతకం" అంది సిస్టరు. అంతే, నేను ఉబ్బిపోయాను. ఆ ఊపులోనే స్ట్రెచర్ దగ్గరికి వెళ్లి, "భయపడకు అక్కా, అంతా నేను చూసుకుంటున్నాగా" అన్నాను.

వెనక నుంచి సిస్టరు గొంతు. "పెండ్లాన్ని అక్కా అంటవేంది?"

అప్పుడు వెలిగింది నాకు. పెండ్లాన్ని! అట్ట మీది కాగితం వైపు మెడ చాపి చూశాను. ఆ క్షణమే నిజం చెప్పేయాల్సింది. కానీ అంతమందిలో, సోషల్ టీచరై ఉండి, చదవకుండా సంతకం పెట్టానని ఎలా చెప్పను? అబద్ధమే నాకు గౌరవంగా తోచింది.

"మా... మా మధిర వైపు అలాగే పిలుస్తారండీ."

యావత్తు మధిర తాలూకా నన్ను క్షమించాలి.

సిస్టరు నా వంక కాసేపు చూసింది. "ఏం తాలూకనో ఏందో" అని లోపలికి వెళ్లి, ఇంకో కాగితంతో తిరిగొచ్చింది. ఈసారి గొంతు మెత్తగా, తమ్ముడికి బుద్ధి చెప్పే అక్కలా ఉంది.

"చూడు తమ్మీ, ఆమెకు ఇవ్వాళ ఒక కోత పడుతున్నది. ముగ్గురు పిల్లలైన్రు. రేపు ఇంకొకటంటే పాణం తట్టుకోదు. ఆడదాన్నే ఎన్నిసార్లు కోయిస్తరు? నువ్వు మంచోని తీరు కనపడుతున్నవ్."

నేను మంచివాణ్నన్న మాట దగ్గరే ఆగిపోయాను. మిగతా మాటలు తల మీది నుంచి వెళ్లిపోయాయి. నా బుర్ర నిండా ఒకటే గోల, మొదటి కాగితాన్ని ఎలా దిద్దించాలా అని. ఈవిడను మంచి చేసుకుంటే ఒప్పుకుంటుందేమోనని ఒక ఆశ.

"అలాగే సిస్టర్. మీరెలా అంటే అలా."

"గట్లుండాలె! పెట్టు ఈడ."

మళ్లీ ఖాళీ గీత. మళ్లీ శంఖం, మళ్లీ పడగ. గీతలు కూడా మొదటిదానికంటే బాగా కుదిరాయి. పెట్టేశాక అడిగాను, "ఇదేం కాగితం సిస్టర్?" అని.

"నీ ఆపరేషన్ది."

"నా... నాకేం ఆపరేషన్? నాకు కడుపునొప్పి లేదే!"

"నీకు నొప్పెందుకుంటది, కనేది నువ్వా? పిల్లలు కాకుండ మొగోళ్లకు చేసేది. ఇవ్వాళ ఎట్లాగూ ఆ ఆపరేషన్లు ఉన్నయి, వరుసల నువ్వొక్కనివి. చీమ కుట్టినట్టే ఉంటది. మల్లేశం! ఈ సారును తోల్కపోయి తయారుచెయ్!"

మల్లేశం అనే ఆయన బుర్రమీసాలతో, భుజాన తువ్వాలుతో, చేతిలో ఒక చిన్న గిన్నెతో ప్రత్యక్షమయ్యాడు. గిన్నెలో సబ్బు నురగ. నురగ మీద తేలుతూ మంగలికత్తి.

"రాండ్రి సార్. రెండే నిమిషాలు. కదలకుంటే సాలు."

చదువరులారా, మీలో ఎవరైనా పెళ్లి కబురు కోసం ఎదురుచూస్తూ ఉండగా మంగలికత్తిని చూశారా? లేదు కదా. నా బాధ మీకు తెలియదు. అవతల పెళ్లి కాలేదు, ఇవతల వంశం ఆగిపోతోంది. నేను స్తంభం కావలించుకున్నాను. మల్లేశం నా నడుం పట్టుకున్నాడు.

"శరమెందుకు సార్, ఆడోళ్లు లేరు లోపల."

"వదులు! నేను రాను!"

"సంతకం పెట్టినంక గట్లంటరేంది?" అని సిస్టరు కాగితం ఆడించింది. "ఇప్పుడు పెట్టినవ్ గద, తడి గుడ ఆరలే!"

"నాకు వద్దండీ! నాకు... నాకింకా పెళ్లే కాలేదు!"

ఆ అరుపు వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వెళ్లి, గోడకు తగిలి, తిరిగి నా చెవిలోకే వచ్చింది. ఇంజక్షన్ వేయించుకుంటున్నవాడు కూడా అరవడం మరిచిపోయాడు.

సిస్టరు నోరు తెరిచింది. ఒకసారి స్ట్రెచర్ మీద సరోజనక్కను చూసింది, ఒకసారి నన్ను చూసింది. "పెండ్లి కాకుండనే ముగ్గురా?"

సరిగ్గా అప్పుడే మూలనున్న న్యూస్‌పేపరు మెల్లగా కిందికి దిగింది. ముందు నెరిసిన జుట్టు, తర్వాత కళ్లజోడు, తర్వాత నాకు పెళ్లిచూపుల్లో లడ్డూ తినమని బలవంతం చేసిన నోరు. రాజలింగం గారు! గనిలో రాయి పడి బొటనవేలు చితికితే కట్టు మార్పించుకోవడానికి వచ్చారట. నేనొచ్చింది మొదలు అక్కడే ఉన్నారు. అన్నీ విన్నారు.

ఆయన పేపరును నాలుగు మడతలు పెట్టారు. చంకలో పెట్టుకొని, కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చారు. నేను స్తంభాన్ని ఇంకా వదల్లేదు.

"సారూ" అన్నారు చాలా మర్యాదగా, "మా పిల్లను చూడొచ్చిన నాడు మీ పిల్లలను గుడ తోల్కరావద్దా? బిస్కెట్లన్న పెడుతుంటిమి."

"అయ్యా, అది కాదండీ, ఇదంతా సంతకం..."

వినలేదు. కుంటుతూనే మెట్లు దిగి వెళ్లిపోయారు. అంత నొప్పి కాలితో అంత వేగంగా నడిచే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఈ రభసలోనే సర్జన్ గారు వచ్చారు. పొడవాటి మనిషి, మాట తక్కువ. ఎవరేం చెప్పబోయినా చెయ్యెత్తి ఆపి, ముందు రోగిని చూశారు. చూసి, ముఖం ముడిచారు. "ఇక టైం లేదు. కన్సెంట్ అయిందా?"

సిస్టరు నేలచూపులు చూసింది. నేను అప్పుడు చెప్పాను. మొదటి నుంచి, నేపథ్యంతో సహా. ఆయన నన్ను మధ్యలో ఆపారు.

"అంటే మీరు ఈమెకు ఏమీ కారు."

"కిరాయిదారునండీ."

"భర్తనని సంతకం చేశారు."

"చేశానండీ. చదవలేదండీ."

"ఏం పని చేస్తుంటారు?"

నేను పళ్ల మధ్య నుంచి చెప్పాను, "టీచర్నండీ" అని.

ఆయన కాగితాన్ని రెండు ముక్కలు చేశారు. "ఇది చెల్లదు. దీన్ని పట్టుకొని నేను కత్తి వేస్తే రేపు నా మెడకు చుట్టుకుంటుంది. భర్త ఎక్కడ?"

"రాజమండ్రి వైపు లారీ మీద ఉన్నారండీ. టెలిగ్రాం ఇస్తాను, ఇప్పుడే పోస్టాఫీసుకు పరిగెత్తుతాను..."

"టెలిగ్రాం అంది ఆయన వచ్చేదాకా అపెండిక్స్ ఆగుతుందా మాస్టారూ?"

అప్పటిదాకా నవ్వులాటగా సాగిందేమో గాని, ఆ ప్రశ్న విని నాకు నిజంగా ఏడుపు వచ్చింది. అక్క పెదాలు తెల్లబడి ఉన్నాయి. ఇంటి దగ్గర ముగ్గురు పిల్లలు వాకిట్లో నిలబడి చెయ్యూపిన దృశ్యం కళ్ల ముందు మెదిలింది. నా చేతి దురదకు ఈ మనిషి బలైపోతుందా? "ఏం చేద్దాం సార్, ఏం చేద్దాం" అని అందరి ముఖాలూ చూస్తూ వరండాలో గిరగిరా తిరిగాను. సిస్టరు డాక్టరుతో, డాక్టరు నాతో, నేను మల్లేశంతో, ఎవరి మాట వాళ్లం మాట్లాడుతున్నాం.

స్ట్రెచర్ మీది నుంచి ఒక బలహీనమైన గొంతు లేచింది.

"ఏందా లొల్లి?"

"మీ ఆయన సంతకం కావాలె అమ్మా" అంది సిస్టరు.

"ఎందుకు?"

"నీ కడుపు కొయ్యనీకి."

సరోజనక్క ఒక్క క్షణం ఊపిరి పట్టుకుంది. నొప్పి ఒక అల వచ్చి వెళ్లింది. అప్పుడంది, "కడుపు నాదా, ఆయనదా?"

అక్క తల కాస్త పైకెత్తింది.

"పొద్దటి సంది చూస్తున్న. బస్సుల ముసల్ది సారును తిడుతది. ఈడ సారును అడుగుతరు. సారు లేకుంటే ఆయనను అడుగుతరట. నేనీడనే ఉన్న గద! నాకు తెలివున్నది, ఏడో తరగతి దాక చదివిన. నన్నడగరాదు?"

సర్జన్ గారు చకచకా ఆవిడ దగ్గరికి వెళ్లారు. ఆ పొడుగు మనిషి స్ట్రెచర్ పక్కన మోకాళ్ల మీద వంగారు. "తప్పు మాదే తల్లీ. నిన్నే అడగాలి. అడుగుతున్నా."

సిస్టరు కొత్త కాగితం తెచ్చింది. నేను పెన్ను ఇవ్వబోతే అక్క తీసుకోలేదు. "ముందు చదువుండ్రి. అర్థమయ్యేటట్టు" అంది. ఆయన ఒక్కో ముక్కా చదివి, విడమరిచి చెప్పారు. ఆవిడ మధ్యమధ్యలో ఆపింది.

"మత్తిస్తే నొప్పి తెల్వదా?"

"తెలియదు."

"మళ్ల లేస్తనా?"

"నూటికి తొంభైతొమ్మిది మంది లేస్తారు. ఆ ఒక్కరు కూడా నువ్వు కాకుండా నేను చూసుకుంటాను. కాని అస్సలు ప్రమాదం లేదని మాత్రం అబద్ధం చెప్పను."

"కొయ్యకుంటే?"

"లోపల పగులుతుంది. అప్పుడు బతకడం కష్టం."

ఆవిడ కంటి చివర నుంచి ఒక చుక్క చెవిలోకి జారింది. "నాకేమన్నయితే పిల్లలకు ఎవలున్నరని నొప్పి కన్న ఎక్కువ అదే బుగులు. సరె. ఇయ్యుండ్రి పెన్ను." కూడబలుక్కొని స, రో, జ అని మూడు అక్షరాలు రాసింది. నాలుగోదాని దగ్గర నొప్పి వచ్చి ఆగి, మళ్లీ పూర్తిచేసింది. చుట్లు లేవు, గీతలు లేవు. ఎవరు చదివినా సరోజన అనే చదువుతారు.

లోపలికి తీసుకెళ్తూ ఉంటే నా వైపు తల తిప్పింది. "సారూ, ఇంకేటి మీదా సంతకం పెట్టకుండ్రి, నేనొచ్చేదాక."

ఆపరేషన్ బాగా జరిగింది. ఇంకాస్త ఆలస్యమైతే పగిలేదేనట. ఆ మాట చెప్పాక సర్జన్ గారు నన్ను చూసి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది. రత్నమ్మ సిస్టరు మాత్రం నా రెండో కాగితాన్ని అక్క మంచం ముందే చించేసింది. మల్లేశం గిన్నెతో వెళ్లిపోతూ, "ఎప్పుడన్న మనసైతే రాండ్రి సార్" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం కబురంది కొమురయ్య పరుగు పరుగున వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మెన్‌ను అడిగాడట, ములకలపల్లి సరోజన ఏ వార్డు అని. "ఆమె మొగడు లోపట్నే ఉన్నడు గద, నువ్వెవలు?" అన్నాడట వాచ్‌మెన్. నేను మంచం పక్కన బత్తాయి వొలుస్తూ ఉండగా తలుపు నిండా కొమురయ్య నిలబడ్డాడు. లారీ స్టీరింగు తిప్పి తిప్పి రోకళ్లలా అయిన చేతులు. నా చేతిలో బత్తాయి తనంతట తానే రసం కార్చింది.

"ఎవడ్రా లోపట ఉన్న నా పెండ్లాం మొగడు?"

ఆ ప్రశ్నకు సరోజనక్క నవ్వడం మొదలుపెట్టింది. కుట్లు లాగుతున్నాయని కడుపు పట్టుకుంటుంది, మళ్లీ నవ్వుతుంది. "నవ్వియ్యకయ్యా, చస్త" అంటూ మొత్తం చెప్పింది. కొమురయ్య మంచం అంచున కూలబడి ఆయనా నవ్వాడు. పక్క మంచాల వాళ్లు నవ్వారు. నేను తప్ప వార్డంతా నవ్వింది.

"నవ్వుతరేంది?" అంది చివరికి అక్క, కళ్లు తుడుచుకుంటూ. "మన మూలంగ సారు సంబంధం పోయింది. దవాఖాన నుంచి ఇడిసినంక మనమే పోయి ఆ పెద్దమనిషికి చెప్పాలె."

దవాఖాన నుంచి ఇంటికి పంపించిన రోజునే, ములకలపల్లి బస్సు ఎక్కకముందు, ముగ్గురం రాజలింగం గారి క్వార్టరుకు వెళ్లాం. ఆయన అరుగు మీద కాలు చాపుకొని ఉన్నారు. నన్ను చూడగానే కాలు ముడుచుకున్నారు. కొమురయ్య గొంతు సవరించుకొని నా తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు.

"అయ్యా, ఈ సారు దేవుడు. నా పెండ్లాన్ని బతికిచ్చిండు. మీరు తప్పు సమజ్ చేసుకున్నరు. ఆయనది సంతకం ఒక్కటే, సంసారం నాదే. పిల్లలు గుడ ముగ్గురు నాయే. కావలిస్తే ఊరికొచ్చి వాళ్ల ముక్కులు చూడుండ్రి."

ఇంత మంచి వాదన విని నేను అరుగు కింద దూరుదామనుకున్నాను. రాజలింగం గారు అక్క వైపు తిరిగారు. "నిజమేనా బిడ్డా?"

"నిజమే పెద్దయ్యా. మనిషి మంచోడు. కాగితం కనపడితేనే పిచ్చి లేస్తది."

"మరి ఆ రెండో కాగితం?"

"నా కండ్ల ముందట చింపిండ్రు. సారు మంచిగనే ఉన్నడు, ఏం కాలే" అంది అక్క. నేను ఆకాశంలోకి చూశాను.

లోపలి గుమ్మం దగ్గర కర్టెన్ కదిలింది. విజయ బయటికి వచ్చింది. పెళ్లిచూపుల్లో తలెత్తని అమ్మాయి, ఇప్పుడు నన్ను సూటిగా, గుడ్డ కొనేముందు నేత చూసినట్టు చూసింది.

"ఆ మొదటి కాగితంల ఏమున్నదో నిజంగ చూడలేదా?"

"చూడలేదండీ."

"రెండోదాంట్ల?"

"అందులో కూడా చూడలేదు."

"ఎవలు ఏడ పెట్టమంటే ఆడ పెడుతరా?"

ఇక దాచేదేముందని నిజం ఒప్పుకున్నాను. "పెన్ను చేతిలో ఉంటే అంతేనండీ."

విజయ తండ్రి వైపు తిరిగింది. "బాపూ, ఇంక ఆలోచన చేసేదేమున్నది? చదవకుండ సంతకం పెట్టే మొగడు ఎవలికి దొరుకుతడు? నాకు ఈ సంబంధం ఇష్టమే."

రాజలింగం గారు ముందు పొట్ట అదిరేలా నవ్వి, ఆ తర్వాత బిస్కెట్లు తెప్పించారు.

ఆ అరుగు మీదే, బిస్కెట్టు చేతిలో పట్టుకొని, సూర్యుని సాక్షిగా, కొమురయ్య సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇహమీదట ప్రాణం పోయినా, ప్రళయం వచ్చినా, ఎంత తెల్లటి గీత కనిపించినా, మరొకరి భార్యకు భర్తగా సంతకం పెట్టనని. నేటి వరకు ఆ మాట అక్షరాలా నిలబెట్టుకున్నాను. మా ఇంటి కాగితాల సంగతి మాత్రం అడగకండి. విజయ వేలు పెట్టి చూపిస్తుంది, నేను పెట్టేస్తున్నాను.